సైన్యానికి డాక్ట్రిన్ ఎట్లా తయారవుతుంది? రాత, అచ్చు, సవరణ – తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి

పానగల్లు | నల్లగొండ

అందరికీ నమస్కారం. డిగ్రీ రెండో సంవత్సరం పిల్లలకు సైనిక డాక్ట్రిన్ మీద నాలుగు గంటల పాఠం తయారు చేస్తున్నాను. డాక్ట్రిన్ అంటే ఏమిటో చెప్పే వ్యాసాలు బోలెడున్నాయి. అది ఎవరి బల్ల మీద పుడుతుంది, ఎన్ని చేతులు మారుతుంది, సంతకం ఎవరిది, పాతబడితే ఎవరు తీసేస్తారు అన్న సంగతులు మాత్రం ఒక్కచోట దొరకడం లేదు. బహిరంగంగా ఉన్న సమాచారం చాలు, లోపలి పత్రాల ఊసు వద్దు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మన పత్రికలు దీన్ని ‘సిద్ధాంతం’ అంటాయి. పైథాగరస్‌దీ సిద్ధాంతమే, పార్టీలవీ సిద్ధాంతాలే. పిల్లలు అన్నింటినీ ఒకే గాటన కడుతున్నారు.

దేవరకొండ_దుర్గం | దేవరకొండ

సార్, మాట సంగతి ముందు తేల్చుకుందాం. పైథాగరస్ సిద్ధాంతాన్ని నిరూపిస్తరు. పార్టీ సిద్ధాంతాన్ని నమ్ముతరు. డాక్ట్రిన్‌ను వాడుతరు. నాటో నిర్వచనం ప్రకారం, అనుకున్న లక్ష్యం కోసం బలగాలు తమ చర్యలను ఏ మూల సూత్రాల మీద నడుపుకుంటయో అదే డాక్ట్రిన్. దానికి అధికారం ఉంటది, కానీ వాడేటప్పుడు వివేచన కావాలె అని అదే వాక్యంల చేర్చిన్రు. ఈ రెండో ముక్కను పిల్లలకు గట్టిగ చెప్పండి. చట్టం లెక్క తప్పక పాటించాల్సిన రాత కాదు, సలహా లెక్క పక్కన పడేసేదీ కాదు. నేనైతే ‘డాక్ట్రిన్’ అనే ఉంచుత. ‘కలెక్టర్’ను మనం మార్చుకోలేదు కదా, ఇదీ అంతే.

ఇంక అసలు పని. మొట్టమొదట కాన్సెప్టును, డాక్ట్రిన్‌ను విడదీయాలె. రేపు రాబోయే ఆయుధంతో, రేపటి శత్రువుతో ఎట్లా కొట్లాడొచ్చో ఊహించి రాసేది కాన్సెప్టు. ఇయ్యాల చేతిలో ఉన్న మనుషులు, బండ్లు, రేడియోలతో చేయగలిగేది డాక్ట్రిన్. అమెరికా సైన్యాన్నే చూడండి. మల్టీ డొమైన్ ఆపరేషన్స్ (నేల, నీరు, గాలి, అంతరిక్షం, సైబర్ అన్నింట్ల కలిపి కొట్లాడుడు) అన్నది 2018 డిసెంబరుల ట్రాడాక్ (శిక్షణ, డాక్ట్రిన్ చూసే అమెరికా సైన్యపు కమాండ్) పాంఫ్లెట్ 525-3-1గా వచ్చింది. అప్పటికి అది కాన్సెప్టే, పేరు మీదనే 2028 అని పెట్టిన్రు. వార్‌గేములు, ఎక్సర్‌సైజులు నడిచినంక 2022 అక్టోబరుల ఎఫ్‌ఎం (ఫీల్డ్ మాన్యువల్) 3-0లకు డాక్ట్రిన్‌గా ఎక్కింది. నడుమ దాదాపు నాలుగేండ్లు. కాన్సెప్టును తొందరపడి డాక్ట్రిన్‌ల పెడితే బెటాలియన్ దగ్గర లేని సామాను మీద బెటాలియన్‌కు డ్రిల్లు నేర్పినట్టయితది.

రాసే వరుస దేశదేశానికి పేర్లు మారినా ఇట్ల ఉంటది. ముందు అవసరం తేల్చుతరు: ఉన్న పుస్తకంల నిజంగ ఖాళీ ఉందా, లేక పుస్తకం బాగనే ఉండి శిక్షణ చాలకనా? ఎక్కువ సార్లు రెండోదే. అట్లయితే పుస్తకం రాయొద్దు. ఖాళీ ఉందని తేలితే ఒక ఆదేశపత్రం తయారు చేస్తరు. అందుల పుస్తకం పేరు, పరిధి, ఎవరి కోసం, ఏది రద్దయితది, రాసే బాధ్యత ఎవరిది, ఆమోదించే అధికారి ఎవరు, అధ్యాయాల చట్రం, తేదీలు అన్నీ ఉంటయి. ఈ కాగితం ఒకటి రెండు పేజీలే ఉంటది గానీ సగం తగాదాలు ఇక్కడే తెగాలె. పరిధి ఇక్కడ తేల్చకపోతే మూడో డ్రాఫ్టు నాడు ఆర్టిలరీవాళ్లు వచ్చి ‘మా పని మీ పుస్తకంల ఎందుకుంది’ అని అడుగుతరు.

ఆ తర్వాత మొదటి డ్రాఫ్టు. రాసేది ఇద్దరో ముగ్గురో. ఇరవై మంది కలిసి రాసింది ఎప్పుడూ చదివేటట్టు రాదు. దాన్ని అన్ని స్కూళ్లకు, కోర్ హెడ్‌క్వార్టర్లకు పంపుతరు. వచ్చిన వ్యాఖ్యలను ఒక పట్టికల పెట్టి ఒక్కొక్కదానికి జవాబు రాస్తరు. ఫైనల్ డ్రాఫ్టు మళ్లా తిరుగుతది. ఆమోదం, ఎడిటింగ్, అచ్చు. పెద్ద పుస్తకానికి ఏడాదిన్నర, రెండేండ్లు మామూలే.

అచ్చంపేట_అబ్బాయి | అచ్చంపేట

అన్నా, ఆ వ్యాఖ్యల పట్టిక ఎట్లుంటదో ఒక్క వరుస చూపెడతారా? సీడీఎస్ (సైన్యంల అఫీసర్ల ఎంపిక) పరీక్షకు చదువుతున్న, ఇది ఎక్కడా దొరకలే.

దేవరకొండ_దుర్గం | దేవరకొండ

చూపెడత తమ్మీ. కల్పించిన ఉదాహరణే, కానీ నమూనా ఇదే:

పేజీ 4-6 | పేరా 4-17 | వరుస 3 | రకం: సబ్‌స్టాంటివ్ | ఉన్నది: ‘కంపెనీ వంతెనను ఆక్యుపై చేస్తుంది.’ | ఉండాల్సింది: ‘కంపెనీ వంతెనను సీజ్ చేస్తుంది.’ | కారణం: అవతలి గట్టున శత్రువు ఉన్నాడని పేరా 4-15 చెబుతోంది, ఎదిరింపు లేని చోటే ఆక్యుపై వర్తిస్తుంది. | నిర్ణయం: ఆమోదం.

‘రకం’ గడి ముఖ్యం. అమెరికా పద్ధతిల నాలుగు రకాలు: క్రిటికల్, మేజర్, సబ్‌స్టాంటివ్, అడ్మినిస్ట్రేటివ్. క్రిటికల్ అంటే ఇది మారకపోతే మా సమ్మతి ఉండదు అని. అందుకే దాన్ని పెద్ద హోదా ఉన్న అధికారి పేరుతోనే పంపాలె. అడ్మినిస్ట్రేటివ్ అంటే అక్షరదోషం, పేరా నంబరు లాంటివి. నిర్ణయం గడిలో ఆమోదం, తిరస్కారం, మార్పుతో ఆమోదం – ఈ మూడింట్ల ఒకటి రావాలె. తిరస్కరిస్తే ఎందుకో రాయాలె. ఆ కారణం రాయకుంటే అదే వ్యాఖ్య తర్వాతి డ్రాఫ్టుల మళ్లా వస్తది, ఈసారి ఇంకా పై హోదా నుంచి.

‘కారణం’ గడి ఖాళీగ పెట్టి ‘ఈ పేరా బాగలేదు’ అని పంపే వ్యాఖ్యలు కుప్పలు వస్తయి. అవి ఎందుకూ పనికిరావు. మార్చిన వాక్యం రాసిచ్చిన వ్యాఖ్యే లెక్కల పడేది.

పాలమూరు_పదాతి | మహబూబ్‌నగర్

మంచి ఉదాహరణ పెట్టినవు. ఆ ఒక్క మాటనే పట్టుకొని పానగల్లు సార్ ఒక గంట పాఠం చెప్పొచ్చు. పిల్లలందరికీ తెలిసిన బీచుపల్లి కాడ కృష్ణ మీది వంతెన తీసుకోండి. ముగ్గురు కమాండర్లకు మూడు ఆర్డర్లు ఇయ్యండి: వంతెనను సీజ్ చెయ్యి, వంతెనను సెక్యూర్ చెయ్యి, వంతెనను ఆక్యుపై చెయ్యి.

సీజ్ అంటే బలంతో గుంజుకోవాలె. కొట్లాట ఖాయం కాబట్టి ఆర్టిలరీ, పొగ, ఇంజినీర్లు, గాయపడ్డోళ్లను తెచ్చే బండ్లు అన్నీ అడుగుతడు. సెక్యూర్ అంటే శత్రువు దాన్ని చెడగొట్టకుండ, పేల్చకుండ చూడాలె. వంతెన కాడ నిలబడితే చాలదు, శత్రువు గుండు వచ్చి తాకే దూరం దాంక గస్తీ పోవాలె, అడుగున మందు పెట్టిన్రా అని స్తంభం స్తంభం చూడాలె. ఆక్యుపై అంటే అడ్డం ఎవ్వరు లేరు, పోయి కూసోవాలె. మూడు ఆర్డర్లకు మనుషుల లెక్క వేరు, మందుగుండు లెక్క వేరు, పట్టే టైం వేరు. తెలుగుల మూడింటికీ ‘స్వాధీనం చేసుకో’ అంటే మూడు రకాల తప్పులు జరుగుతయి.

హిందీల గూడ ఇదే గోస. అఫీసర్ ఇంగ్లీషుల రాస్తడు, జవానుకు హిందీల చెప్పాలె. ‘కబ్జా కరో’ అంటే సీజా, ఆక్యుపైనా? అందుకే మాటను అట్లనే ఉంచి దాని కింద చేసే పని చెప్పాలె: ఎవరు ముందు, ఎవరు ఫైర్ ఇస్తరు, ఏడ ఆగుతరు.

గద్వాల_కృష్ణమ్మ | గద్వాల

పదాల గురించి వచ్చింది కాబట్టి ఒక విషయం. డాక్ట్రిన్ నిర్వహణ అంటే ముప్పావు వంతు పదాల నిర్వహణే. ప్రతి పదానికీ ఒకే ఒక యజమాని పుస్తకం ఉండాలి. అమెరికా సైన్యం మాన్యువళ్లలో వెనకాల పదకోశం చూడండి. కొన్ని పదాల పక్కన నక్షత్రం (*) గుర్తు ఉంటుంది. ఆ పదానికి ఈ పుస్తకమే ప్రమాణం అని దానర్థం. అదే పదానికి పుస్తకం లోపల నిర్వచనం బొద్దు అక్షరాల్లో ఉంటుంది. గుర్తు లేని పదమైతే వేరే పుస్తకం నుంచి అరువు తెచ్చుకున్నది, దాన్ని ఇక్కడ మార్చే హక్కు లేదు, అక్షరం పొల్లుపోకుండా దింపాలి. అన్నింటినీ కలిపి పదాలకు ఎఫ్‌ఎం 1-02.1, పటం మీద గుర్తులకు ఎఫ్‌ఎం 1-02.2 పెట్టారు.

ఈ ఏర్పాటు లేకపోతే ఏమవుతుంది? ఇన్‌ఫెంట్రీ పుస్తకంలో ఒక అర్థం, ఇంజినీర్ల పుస్తకంలో ఒక అర్థం. ఇద్దరూ తమ పుస్తకం ప్రకారం సరిగ్గానే చేస్తారు, వంతెన మాత్రం పోతుంది.

పై పుస్తకంలో ఒక్క పదం మారితే కింద ఎన్ని మారాలో కూడా లెక్కవేయాలి. అమెరికా సైన్యంలో 2001 నుంచి ‘ఫుల్ స్పెక్ట్రమ్ ఆపరేషన్స్’ అన్నారు. 2011 అక్టోబరులో దాన్ని తీసి ‘యూనిఫైడ్ ల్యాండ్ ఆపరేషన్స్’ పెట్టారు. 2022లో ‘మల్టీ డొమైన్’. మారిన ప్రతిసారీ కింది మాన్యువళ్లు, స్కూళ్ల సిలబస్‌లు, పరీక్ష ప్రశ్నలు, ఎక్సర్‌సైజు కాగితాలు అన్నీ మారాలి. అవి పూర్తిగా మారకముందే పైది మళ్లీ మారితే ఒకే బ్రిగేడులో మూడు తరాల మాటలు తిరుగుతుంటాయి. పేరు మార్చే ముందు ఆలోచనలో నిజంగా తేడా ఉందా అని అడగాలి. లేకుంటే పేరు ముట్టుకోకూడదు, నా అభిప్రాయం ఇది.

పానగల్లు | నల్లగొండ

బీచుపల్లి ఉదాహరణ తప్పకుండా వాడుకుంటాను. మన సైన్యం సంగతి కూడా చెప్పండి. ఆర్ట్రాక్ పాత్ర ఎంతవరకు?

దేవరకొండ_దుర్గం | దేవరకొండ

ఆర్ట్రాక్ అంటే ఆర్మీ ట్రైనింగ్ కమాండ్. అది 1991 అక్టోబరు 1న మహూల మొదలయి 1993 మార్చిల సిమ్లాకు పోయింది. డాక్ట్రిన్ రాయించడం, శిక్షణ సంస్థలను నడపడం రెండూ దాని చేతుల్నే ఉన్నయి. ఇది మంచి ఏర్పాటు. రాసేవాడు, నేర్పేవాడు వేర్వేరు గొడుగుల కింద ఉంటే పుస్తకం ఒక దారి, పాఠం ఒక దారి పడతయి.

2004 అక్టోబరుల ఇండియన్ ఆర్మీ డాక్ట్రిన్ వచ్చింది. ఒక భాగం అందరికీ, మిగతాది లోపలికే. 2006ల సబ్ కన్వెన్షనల్ ఆపరేషన్స్ డాక్ట్రిన్, అంటే తిరుగుబాట్లు, ఉగ్రవాదం లాంటి చోట్ల పని ఎట్లా చేయాలె అన్నది. 2018 డిసెంబరుల ల్యాండ్ వార్‌ఫేర్ డాక్ట్రిన్. మూడు సర్వీసులకు కలిపి రాసేది వేరే దారి. 2001 అక్టోబరుల ఏర్పడ్డ ఇంటిగ్రేటెడ్ డిఫెన్స్ స్టాఫ్ హెడ్‌క్వార్టర్స్ ఆ పని చూస్తది. 2017 ఏప్రిల్ల జాయింట్ డాక్ట్రిన్ ఆ దారిలనే వచ్చింది. 2025 ఆగస్టుల మహూ ఆర్మీ వార్ కాలేజీల జరిగిన ‘రణ్ సంవాద్’ సదస్సుల మల్టీ డొమైన్ ఆపరేషన్స్ జాయింట్ డాక్ట్రిన్ విడుదల చేసిన్రు. అదే నెల మొదట్ల సైబర్, యాంఫిబియస్ (సముద్రం మీదికెళ్లి తీరానికి దిగి కొట్లాడే) డాక్ట్రిన్లను బహిరంగం చేసిన్రు.

ఉమ్మడి పుస్తకానికి ఒక కష్టం ఉంది. మూడు సర్వీసులు ఒప్పుకుంటేనే వాక్యం నిలుస్తది. అభ్యంతరం ఉన్నకాడల్లా మాటను మెత్తగ చేసుకుంట పోతే చివరికి ఎవరికీ అడ్డం రాని వాక్యం మిగులుతది. దాంతోని ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోలేరు. నాటోల దీనికి ఒక దారి ఉంది. ఒక దేశం కస్టోడియన్‌గా రాస్తది. స్టడీ డ్రాఫ్టు తిరిగినంక రాటిఫికేషన్ డ్రాఫ్టు అన్ని దేశాలకు పోతది. ఒప్పుకోని దేశం ‘ఫలానా పేరాను మేము పాటించం’ అని రిజర్వేషన్ రాసి ఒప్పుకోవచ్చు. పుస్తకం మెత్తబడదు, తేడా ఎక్కడుందో రాతల ఉంటది. అబద్ధపు ఏకాభిప్రాయం కన్నా ఇది ఎంతో నయం.

అచ్చంపేట_అబ్బాయి | అచ్చంపేట

కోల్డ్ స్టార్ట్ ఏ పుస్తకంల ఉంది అన్నా? ఇంటర్వ్యూల అడుగుతరంట.

పాలమూరు_పదాతి | మహబూబ్‌నగర్

ఆ పేరు మీద బయటికి అచ్చయిన పుస్తకం లేదు తమ్మీ. 2001 డిసెంబరు 13 పార్లమెంటు దాడి తర్వాత ఆపరేషన్ పరాక్రమ్‌ల మథుర, అంబాలా, భోపాల్‌లల్ల ఉండే స్ట్రైక్ కోర్‌లు సరిహద్దుకు చేరేసరికి మూడు వారాల దాంక పట్టింది. అంతల పరిస్థితే మారిపాయె. చిన్న గుంపులతోని జల్ది కదలాలె అన్న ఆలోచన అట్ల పుట్టింది. 2004ల పేరు బయటికొచ్చింది. సైన్యాధిపతి హోదాల జనరల్ బిపిన్ రావత్ 2017 జనవరిల ఆ మాటను బహిరంగంగ ఒప్పుకునే దాంక అధికారికంగ పేరు పలికినోళ్లు లేరు.

ఇంటర్వ్యూల ‘కోల్డ్ స్టార్ట్ డాక్ట్రిన్ 2004ల పబ్లిష్ అయింది’ అని చెప్పకు. 2004 అక్టోబరు పుస్తకం వేరు, ఇది వేరు. రెండూ ఒకే ఏడాది కాబట్టి చాలమంది కలిపేస్తరు. పేపర్ల పేరున్న ప్రతిదీ డాక్ట్రిన్ కాదు. ఆమోదించినోడి సంతకం, పుస్తకం నంబరు, తేదీ ఉన్నదే డాక్ట్రిన్.

మూసీతీరం | సూర్యాపేట

పాఠాలు డాక్ట్రిన్‌లోకి ఎట్లా ఎక్కుతాయో ఎవరూ చెప్పలేదు కాబట్టి మా ఊరి ఉదాహరణతో చెబుతాను. 1948 సెప్టెంబరులో ఆపరేషన్ పోలో. ప్రధాన దండు షోలాపూర్ వైపు నుంచి వస్తే, తూర్పు దండు బెజవాడ వైపు నుంచి కోదాడ, మునగాల మీదుగా వచ్చింది. సూర్యాపేట దగ్గర వెనక్కి తగ్గే బలగాలు మూసీ మీది వంతెనను పేల్చేశాయి. తూర్పు దండు అక్కడ ఆలస్యమైంది.

దీన్నించి పిల్లలు వెంటనే ‘వంతెన సామాను ముందుండాలి’ అని పాఠం చెప్పేస్తారు. ఆగమనండి. ఒక చోట జరిగింది ఒక పరిశీలన మాత్రమే. ఎందుకు జరిగిందో విశ్లేషించాలి: ముందు నడిచిన కవచ దళం ఆలస్యంగా చేరిందా, వంతెన మీద నిఘా లేదా, ఇంజినీర్లు కాన్వాయ్ తోకలో ఉన్నారా? కారణం మారితే పరిష్కారం మారుతుంది. కారణం తేలి, ఏం మార్చాలో, ఎవరు మార్చాలో రాస్తే నాటో భాషలో అది ‘లెసన్ ఐడెంటిఫైడ్’. మార్చి, ఎక్సర్‌సైజులో పరీక్షించి, ఫలితం కనబడ్డాకే ‘లెసన్ లెర్న్డ్’. అది కూడా అన్నిసార్లూ డాక్ట్రిన్ కాదు. కాన్వాయ్‌లో ఇంజినీర్ల స్థానం మార్చడం ఎస్‌ఓపీ (దళం రోజూ పాటించే పని పద్ధతి) పని. నది దాటడం గురించిన ఆలోచననే మార్చాల్సి వస్తే అప్పుడు డాక్ట్రిన్. ప్రతి సంఘటననూ పై పుస్తకంలోకి ఎక్కిస్తే ఆ పుస్తకం మోయలేనంత లావవుతుంది.

అమెరికా సైన్యం ఇదే పని కోసం 1985లో ఫోర్ట్ లెవెన్‌వర్త్‌లో ఒక కేంద్రం పెట్టింది. డాక్ట్రిన్ రాసేవాళ్లు అదే ఊళ్లో ఉంటారు. ఆ దగ్గరతనం చాలా పనులు సులువు చేస్తుంది.

మొదటి ప్రపంచయుద్ధంలో ఓడిన జర్మన్ సైన్యం ఈ పనిని ఎంత పట్టుదలతో చేసిందో చెప్పాలి. 1919 డిసెంబరులో ఆ సైన్యపు జనరల్ ఫాన్ సీక్ట్ 57 కమిటీలు వేశాడు, 400 మందికి పైగా అధికారులు కూర్చున్నారు. యుద్ధానికి ముందు ఊహించని ఏ పరిస్థితులు ఎదురయ్యాయి, మన పాత ఆలోచనలు అక్కడ ఎంతవరకు పనిచేశాయి, కొత్తగా ఏ పద్ధతులు పుట్టాయి, ఇంకా జవాబు దొరకని సమస్యలేమిటి – ఇవీ వాళ్లకిచ్చిన ప్రశ్నలు. 1921 నుంచి కొత్త నియమావళి రావడం మొదలైంది, 1933లో ‘ట్రుప్పెన్‌ఫ్యూరుంగ్’ (దళాల నాయకత్వం) అన్న పుస్తకం వచ్చింది. గెలిచిన ఫ్రెంచి సైన్యం అదే 1921లో 1918 నాటి పద్ధతినే స్థిరపరుచుకుంది: పైనుంచి గట్టి అదుపు, ఫిరంగుల వేగాన్ని బట్టి నడక. 1940 మేలో ఆ రెండు పుస్తకాలూ ఎదురెదురు పడ్డాయి. ఫ్రాన్స్ ఓటమికి వేరే కారణాలూ ఉన్నాయి గానీ నిర్ణయాలు తీసుకునే వేగంలో తేడా ఈ పుస్తకాల్లోనే ఉంది.

పానగల్లు | నల్లగొండ

ఇది బంగారం లాంటి ఉదాహరణ. డాక్ట్రిన్ రాసే పద్ధతి వల్లే పుస్తకం దెబ్బతిన్న సందర్భం ఏదైనా ఉందా?

దేవరకొండ_దుర్గం | దేవరకొండ

1976 నాటి ఎఫ్‌ఎం 100-5, అమెరికా సైన్యపు ఆపరేషన్స్ మాన్యువల్. ట్రాడాక్ 1973 జులై 1న పుట్టింది, మొదటి కమాండర్ జనరల్ డెప్యూయ్. అదే అక్టోబరుల అరబ్–ఇజ్రాయెల్ యుద్ధం వచ్చి, కొన్ని రోజుల్నే ట్యాంకులు వందల లెక్కన కాలిపోవడం చూసి ఆయన కదిలిపోయిండు. మొదటి యుద్ధమే గెలవాలె అన్న పట్టుదలతో ఒక చిన్న బృందాన్ని దగ్గర పెట్టుకొని రాయించిండు, చానా భాగం తానే రాసిండు. పుస్తకం స్పష్టంగ, పదునుగ వచ్చింది. ‘యాక్టివ్ డిఫెన్స్’ అన్నరు. కానీ మిగతా సైన్యాన్ని కలుపుకోలేదు. రక్షణకే ఎక్కువ బరువు ఇచ్చిందని, సోవియట్ రెండో వరుస బలగాలు వస్తే జవాబేదని సొంత సైన్యంల నుంచే విమర్శలు మొదలైనయి. ఆరేండ్లకే మార్చాల్సి వచ్చింది.

ట్రాడాక్‌ల జనరల్ స్టారీ హయాంల మొదలై 1982ల వచ్చిన ‘ఎయిర్‌ల్యాండ్ బ్యాటిల్’ కూడ కొద్దిమందే రాసిన్రు. తేడా ఏందంటే డ్రాఫ్టు పట్టుకొని తిరిగిన్రు, వినిపించిన్రు, తిట్లు తిన్నరు, మార్చిన్రు. పుస్తకం వచ్చేనాటికి సైన్యంల చానామందికి అది తమదే అనిపించింది. రాసేది ముగ్గురైనా ఒప్పుకోవాల్సింది మూడు వేల మంది. రెండో పనికి టైం ఇయ్యకపోతే మొదటి పని దండుగ.

2006 డిసెంబరు నాటి ఎఫ్‌ఎం 3-24 (తిరుగుబాట్లను ఎదుర్కొనుడు మీది మాన్యువల్) కూడ చెప్పుకోవాలె. ఇరాక్ మండుతున్నది కాబట్టి ఏడాదిల ముగించిన్రు. 2006 ఫిబ్రవరిల లెవెన్‌వర్త్‌ల డ్రాఫ్టు మీద సమావేశం పెట్టి ప్రొఫెసర్లను, మానవ హక్కులవాళ్లను, విలేకరులను గూడ పిలిచిన్రు. బయటివాళ్లకు డ్రాఫ్టు చూపడం మంచి పని. కానీ తొందరల ఒక లోటు జరిగింది. వేరే రచనల్లోంచి కొన్ని వాక్యాలు ఉటంకింపు గుర్తులు లేకుంటనే చేరినయని 2007ల విమర్శ వచ్చింది. మాన్యువల్ అయినా సరే, మొదటి డ్రాఫ్టు నుంచే ప్రతి పేరా ఎక్కడిదో పక్కన రాసిపెట్టుకోవాలె. చివర్ల వెతికితే దొరకదు.

అచ్చంపేట_అబ్బాయి | అచ్చంపేట

వికీపీడియా లెక్క అందరూ కలిసి ఎప్పటికప్పుడు మార్చుకునేటట్టు పెట్టొచ్చు కదా?

గద్వాల_కృష్ణమ్మ | గద్వాల

పెట్టి చూశారు తమ్ముడూ. 2009లో అమెరికా సైన్యం 7 మాన్యువళ్లను సైనికులు మాత్రమే తెరవగల వికీలో పెట్టింది. ఆ ప్రయోగం అట్లాగే స్థిరపడలేదు. ఎందుకో ఆలోచించు. ఈ రోజు ఉదయం ఒక బెటాలియన్ చదివిన పేరా సాయంత్రం పక్క బెటాలియన్ చదివేసరికి మారిపోతే, ఇద్దరూ కలిసి చేసే దాడిలో ఏది ప్రమాణం? డాక్ట్రిన్‌కు ఒక తేదీ దగ్గర గడ్డకట్టడం అవసరం. సూచనలు ఎప్పుడైనా రావొచ్చు, వాటికి డీఏ ఫారం 2028 అని ఒక దరఖాస్తే ఉంది, ఏ సిపాయి అయినా పంపొచ్చు. పుస్తకం మాత్రం ఒక రోజున, ఒక సంతకంతోనే మారాలి.

అదే కాలంలో ‘డాక్ట్రిన్ 2015’ అని ఇంకో పని చేశారు, అది నిలబడింది. వందల ఫీల్డ్ మాన్యువళ్లను 50కి తేవాలని గీత గీశారు. పైన మూల సూత్రాలు చెప్పే పదీ పదిహేను పేజీల ఏడీపీలు (ఆర్మీ డాక్ట్రిన్ పబ్లికేషన్లు), వాటిని వివరించే ఏడీఆర్‌పీలు, కింద ఎఫ్‌ఎంలు, ఇంకా కింద పద్ధతులు చెప్పే ఏటీపీలు. పైన ఉన్నది తక్కువగా మారాలి, కింద ఉన్నది తొందరగా మారగలగాలి. డ్రోన్ బ్యాటరీ ఎన్ని నిమిషాలు వస్తుందన్నది పై పుస్తకంలో రాస్తే ఆరు నెలలకే అబద్ధమవుతుంది. చైనా సైన్యం ఇంకో దారి పట్టింది: 2020 నవంబరులో ఉమ్మడి ఆపరేషన్ల నియమావళిని ‘ప్రయోగాత్మకం’ అన్న ముద్రతోనే అమల్లోకి తెచ్చింది. వాడి చూసి మార్చుకుంటామని ముందే చెప్పడం అది.

ఇక కాగితం ప్రతుల సంగతి. బ్రిటిష్ వాళ్ల నుంచి మనకొచ్చిన పద్ధతి ఇది. పుస్తకం మొదట్లోనే ఒక గీతల పట్టిక ఉంటుంది: సవరణ నంబరు, తేదీ, ఎక్కించినవారి పొడి సంతకం, ఎక్కించిన తేదీ. సవరణ జాబితా వస్తుంది. చిన్న మార్పైతే పాత మాటను సిరాతో కొట్టేసి పైన కొత్తది రాసి, మార్జిన్లో సవరణ నంబరు వేస్తారు. పేరా అయితే కత్తిరించి ఒక అంచుకే బంక రాసి అతికిస్తారు, కింద పాతది ఎత్తి చూడగలిగేలా. పేజీ మొత్తమైతే పాతది తీసి కొత్తది పెడతారు.

ఎక్కడ తప్పుతుందంటే, రెండో సవరణ దారిలో పోయి మూడోది ముందు చేరుతుంది. మూడోది ‘12వ పేరా నాలుగో వరుస’ అంటుంది, రెండోది ఎక్కకపోవడం వల్ల ఇక్కడ ఆ వరుస వేరు. గుమాస్తా వేరే వాక్యం కొట్టేస్తాడు. అందుకే నంబరు వరుసలో లేకపోతే ఎక్కించకుండా ఆపి, తప్పిపోయింది తెప్పించుకోవాలి. ఇంకో తప్పు: పట్టికలో సంతకం పెట్టి, లోపల మార్చడం మరచిపోవడం. తనిఖీకి వచ్చినవారు పట్టిక చూస్తే సరిపోదు, ఒక సవరణ తీసుకొని లోపలి పేజీ తెరవాలి.

ఇప్పుడు పీడీఎఫ్‌లు వచ్చాక ఈ బాధ పోయిందనుకుంటారు. బాధ మారింది అంతే. ఎవరో మూడేళ్ల కింద దింపుకున్న ఫైలు పెన్‌డ్రైవులోనే ఉంటుంది, దానికి సవరణ అతికించే చెయ్యి కూడా లేదు.

పాలమూరు_పదాతి | మహబూబ్‌నగర్

అక్క చెప్పినదానికి తోడు, గోప్యత ముద్ర. రెస్ట్రిక్టెడ్, కాన్ఫిడెన్షియల్, సీక్రెట్, టాప్ సీక్రెట్ అని మనకు నాలుగు మెట్లు. ఒక మెట్టు పైకి పెడితే పోయేదేముంది అనుకుంటరు రాసేటోళ్లు. పోతది. కాన్ఫిడెన్షియల్ పుస్తకం బీరువాల ఉంటది, తాళం ఒక్కరి కాడ ఉంటది, సెక్షన్ కమాండర్ చేతికి రాదు. సాగర్ ఎడమ కాల్వ నిండ పారినా చివరి ఆయకట్టుకు చుక్క అందకపోతే ఎట్లనో, గట్లనే. పుస్తకం రాసేటప్పుడే చివరి మడి ఏదో చూసుకోవాలె. దాపెట్టాల్సిన అంకెలను అనుబంధంల పెట్టి దానికే పై ముద్ర వెయ్యండి, పద్ధతి చెప్పే భాగాన్ని కింది మెట్టుల ఉంచండి.

పుస్తకం చేరినంక గూడ పని కాలే. జవాను పుస్తకం చదివి మారడు. కోర్సు మారితే మారతడు. మహూ వార్ కాలేజీల, వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీల పాఠం మారాలె, ఎక్సర్‌సైజుల అంపైర్ చేతుల ఉండే మార్కుల కాగితం మారాలె. అంపైర్ కాగితం పాతదుంటే కొత్త పద్ధతిల చేసినోడికి మార్కులు పోతయి. తెల్లారి అందరూ పాత పద్ధతికే పోతరు. కొత్త డాక్ట్రిన్ ఎన్నిసార్లు ఆ ఒక్క కాగితం కాడనే ఆగిపోయిందో.

డీఎస్ సొల్యూషన్ అని ఇంకోటి ఉంది. కోర్సుల ఇచ్చే లెక్కకు డైరెక్టింగ్ స్టాఫ్ ఇచ్చే జవాబు. అది ఒక జవాబు, ఒకే జవాబు కాదు. విద్యార్థులు దాన్ని బట్టీపడితే డాక్ట్రిన్ల ‘వివేచన’ అన్న ముక్క చచ్చిపోతది. పానగల్లు సార్, మీ పిల్లలకు వంతెన లెక్క ఇచ్చినప్పుడు రెండు సరైన జవాబులు తయారు పెట్టుకోండి.

పానగల్లు | నల్లగొండ

తప్పకుండా. నాలుగు గంటలను ఇట్లా పంచుకున్నాను: మొదటి గంట కాన్సెప్టు, డాక్ట్రిన్ తేడా, రెండో గంట బీచుపల్లి వంతెన, పదాలు, మూడో గంట వ్యాఖ్యల పట్టికతో పిల్లల చేతనే ఒక పేజీ డ్రాఫ్టు సరిదిద్దించడం, నాలుగో గంట 1921, 1976 ఉదాహరణలు. చదవాల్సినవిగా 2004 ఇండియన్ ఆర్మీ డాక్ట్రిన్ బహిరంగ భాగం, 2017 జాయింట్ డాక్ట్రిన్, అమెరికావి ఏడీఆర్‌పీ 3-0, ఎఫ్‌ఎం 3-0 2022 ఇస్తున్నాను.

గద్వాల_కృష్ణమ్మ | గద్వాల

సార్, జాబితాలో మూడోది తీసేయండి. ఏడీఆర్‌పీ వరుస మొత్తాన్ని 2019 జులైలో ఏడీపీల్లో కలిపేశారు, ఇప్పుడు ఏడీపీ 3-0 అని వెతకాలి. నాలుగోదానికి 2025 మార్చిలో కొత్త ముద్రణ వచ్చింది, 2022ది రద్దయింది. అట్ట లోపల మొదటి పేజీ కింద ‘ఈ ప్రచురణ ఫలానాదాన్ని రద్దు చేస్తుంది’ అని ఒక వాక్యం ఉంటుంది, ఏ మాన్యువల్ దింపుకున్నా ముందు దాన్నే చూడండి. దాని పక్కనే ఎవరికి పంచవచ్చో కూడా ఉంటుంది. ట్రాడాక్ పేరుతో వెతికేటప్పుడు ఇంకోటి: 2025 అక్టోబరు నుంచి ఫ్యూచర్స్ కమాండ్‌తో కలిపి కొత్త కమాండ్ చేశారు కాబట్టి కొన్ని వెబ్ చిరునామాలు మారి ఉండొచ్చు.

2004 పుస్తకం ఇవ్వండి గానీ పక్కన 2018ది కూడా పెట్టండి. రెండింటినీ పక్కపక్కన చదివితే ఏ మాట పోయింది, ఏ మాట వచ్చింది అని పిల్లలే గీతలు గీసుకుంటారు.

పానగల్లు | నల్లగొండ

మార్చాను అక్కా. జాబితాలో ప్రతి పుస్తకం పక్కన ముద్రణ తేదీ, దింపుకున్న తేదీ రెండూ వేశాను. మూడో గంటకు వాడే ఒక పేజీ డ్రాఫ్టు రేపు ఇక్కడ పెడతాను. అందులో కావాలనే నాలుగు చోట్ల పదాలు తప్పు వేస్తున్నాను. పట్టిక రూపంలోనే వ్యాఖ్యలు రాయండి, కారణం గడి ఖాళీ పెట్టొద్దు.